పట్టు లేని పొర

విద్యావతికి నలభై తొమ్మిదేళ్ళు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మేడ మీద రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. బషీర్‌బాగ్ దగ్గర ఒక కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్. ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్ళు దాటింది. అందులో చివరి తొమ్మిదేళ్ళూ ఆమె చేసింది ఒకటే పని. పట్టుగూళ్ళ నుంచి పల్చటి పొరలు తయారుచేయడం. ఆ పొరల్ని మానని పుండ్ల మీద వేసి కట్టు కడితే ఎలా ఉంటుందని పరిశోధన.

వినడానికి పెద్ద పనిలా ఉంటుంది గానీ చేసే మనిషికి అది వంటపనికి దగ్గర. గూళ్ళను కత్తెరతో రెండుగా కోసి లోపల ఎండిపోయిన పురుగును దులిపేయాలి. చాకలిసోడా కలిపిన నీళ్ళలో అరగంట ఉడికిస్తే దారాన్ని అంటుకుని ఉన్న జిగురు వదులుతుంది. ఆ వాసన చీరకు పట్టిందంటే రెండు ఉతుకులకు గానీ పోదు. మిగిలిన తెల్లటి పీచును కడిగి ఆరబెట్టి, ఒక రకం ఉప్పు కలిపిన నీళ్ళలో నాలుగు గంటలు వెచ్చగా ఉంచితే మొత్తం కరిగి పల్చటి తేనెలా అవుతుంది. మళ్ళీ ఆ ఉప్పు పోవాలి కదా, అందుకని దాన్ని సన్నటి గొట్టం సంచుల్లో పోసి మంచినీళ్ళలో మూడు రోజులు నానబెట్టాలి. పూటపూటకూ నీళ్ళు మార్చాలి. మధ్యలో ఆదివారం వచ్చినా సరే. ఆఖరికి గాజుపళ్ళేల్లో పోసి ఆరనిస్తే ఉల్లిపొర లాంటిది వస్తుంది. పుండు మీద అది ఉంటే లోపలి తడి ఆరిపోదనీ, కొత్త చర్మం దాన్ని ఆసరా చేసుకుని పాకుతుందనీ డాక్టర్ మృదుల చెప్పేది. పరిశోధన ఆవిడదే.

ఆదివారం నీళ్ళు మార్చడానికి ఇరవై నిమిషాలు చాలు. విద్యావతి పొద్దున పదింటికి వెళ్ళి మధ్యాహ్నం దాకా ఉండేది. కాలేజీ మొత్తానికి గేటు దగ్గర వాచ్‌మన్, లోపల ఆమె. గాజు సామాను కడిగిందే మళ్ళీ కడిగేది. డబ్బాల మీద చీటీలు వెలిసిపోతే కొత్తవి రాసి అంటించేది. ఇంటికి పోయి చేసేదేమీ లేదు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆబిడ్స్‌లో గడియారాలు బాగుచేసే తండ్రి ఆరేళ్ళ క్రితం పోయాడు. పెళ్ళి మాట ఒకటి రెండుసార్లు వచ్చి, ఎందుకో ఆగిపోయి, తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ల్యాబుకు పిల్లలు వచ్చేవాళ్ళు, పీహెచ్‌డీ చేయడానికి. మొదట్లో గూడు ఎలా కోయాలో కూడా తెలియదు వాళ్ళకు. "విద్యక్కా, ఇది సరిగ్గా ఉడికిందా?" అని రోజుకు పదిసార్లు అడిగేవాళ్ళు. నాలుగైదేళ్ళకు డాక్టర్లయి, స్వీట్ల డబ్బా పట్టుకొచ్చి, ఫోటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు. మొదటి ఏడాది పండగలకు మెసేజీలు వచ్చేవి. తొమ్మిదేళ్ళలో అలా ఏడుగురు వెళ్ళారు. ఆమె చేసిన పొరలు గాజుపళ్ళేల నుంచి ఎలుకల దాకా వెళ్ళాయి. మనిషి ఒంటి మీదికి వెళ్ళడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పోయిన ఏడాది వేసవిలో ఆ అనుమతి వచ్చింది. నాంపల్లిలో ఒక ట్రస్టు ఆసుపత్రితో కలిసి నలభై మందికి వేసి చూడాలి. అందరూ షుగరు వల్ల కాలికి పుండు పడినవాళ్ళు. ఇరవై మందికి పట్టు పొర. మిగతా ఇరవై మందికి మొక్కల పీచుతో చేసిన పొర, చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది. ఒక్కొక్కరికీ పన్నెండు వారాలు. ఎవరికి ఏది వేస్తున్నారో రోగికి తెలియకూడదు, కట్టు కట్టే నర్సుకు తెలియకూడదు, పుండు కొలిచే డాక్టరుకూ తెలియకూడదు. తెలిస్తే కన్ను పక్షపాతం చూపిస్తుంది. ఒకటి నుంచి నలభై దాకా నంబర్లు, ఏ నంబరుకు ఏ పొరో చెప్పే జాబితా ఒకటి, అది ఒక్కరి దగ్గరే ఉండాలి.

మృదుల ఆ జాబితా ఉన్న కవరు విద్యావతి చేతిలో పెట్టింది.

"నాకు కూడా చెప్పకండి. ప్యాకెట్లు మీరే కట్టి, మంగళవారం పొద్దున నర్సుకు ఇచ్చి వచ్చేయండి. పేషెంట్లతో మాట్లాడొద్దు. మీ దగ్గరైతే మాట బయటికి పోదు, అందుకే మీకిస్తున్నా."

"ఎవరికి చెప్త మేడం," అంది విద్యావతి. నిజంగానే చెప్పేందుకు ఎవరూ లేరు.

మొదటి కొన్ని వారాలు అలాగే జరిగింది. పదింటికి ఆసుపత్రి కిటికీ దగ్గర విజయ అనే నర్సుకు డబ్బా అందించి, సంతకం తీసుకుని, బషీర్‌బాగ్ బస్సెక్కేది. జూలైలో ఒక మంగళవారం పెద్ద వాన పట్టింది. గేటు ముందు మోకాలి లోతు నీళ్ళు. బయటికి పోలేక వరండాలో బల్ల మీద కూర్చుంది. పక్కన ఒక పెద్దావిడ, కుడికాలికి కట్టు, చెప్పు చేత్తో పట్టుకుని ఉంది.

"ఏమ్మా, నీకూ కాలేనా?" అని అడిగింది ఆవిడ.

"కాదమ్మా. కాలేజీల పనిచేస్త. జర ఇక్కడ పనుండి వచ్చిన."

"అదృష్టవంతురాలివి. నాది చూడు, కాలు కింద పెట్టకూడదట. మేడ మెట్లు దిగకుండా ఆసుపత్రికి ఎగిరి రావాలా అని అడిగాను, ఆ నర్సమ్మాయి నవ్వేసింది."

ఆవిడ పేరు కామాక్షి. అరవై ఏడేళ్ళు. వాళ్ళ నాన్న తణుకు నుంచి పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో గుమాస్తా పని మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఇల్లు. ముందుగదిలో మిషను పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు చీరలకు ఫాల్స్ కుట్టింది, జాకెట్లు కుట్టింది. పిల్లల్లేరు. భర్త పోయి పదకొండేళ్ళు. కాలితో తొక్కే మిషను కాబట్టి పుండు పడ్డప్పటి నుంచి దాన్ని ముట్టుకోవద్దన్నారు. మోటారు పెట్టించుకోమని ఎవరైనా అంటే, "ఆ వేగానికి నా చెయ్యి ఆగదు" అనేదట.

వాన తగ్గేసరికి గంటన్నర అయింది. అంతసేపు ఒక మనిషి తనతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో విద్యావతి లెక్కపెట్టుకోబోయి మానేసింది. ఆటో ఎక్కించేటప్పుడు కామాక్షి ఆమె భుజం పట్టుకుంది. ఆ చేతి బరువు ఆ రోజంతా అక్కడే ఉన్నట్టనిపించింది.

పై మంగళవారం విద్యావతి డబ్బా ఇచ్చి వెంటనే వెళ్ళలేదు. ఆ పైవారం కూడా. రూలు తప్పుతున్నానని తెలుసు. నంబరు అడగడం లేదుగా, కాలి సంగతి మాట్లాడడం లేదుగా అని సర్దిచెప్పుకుంది. కామాక్షి మాత్రం కాలి సంగతే మాట్లాడేది.

"నా కాలికి పట్టు వేస్తున్నారే విద్యా. ముప్ఫై ఏళ్ళు ఎవరెవరి పట్టుచీరలకో అంచులు కుట్టాను. ఇప్పుడు నా వంతు వచ్చింది. మా సందులో అందరికీ చెప్పాను."

"పట్టే అని వాళ్ళు చెప్పిన్రా అమ్మా?"

"ఏదో ఒకటి రావొచ్చన్నారు. నాకు పట్టే వచ్చింది. పట్టు సంగతి నాకు తెలియదా?"

ఆగస్టులో ఒకరోజు కామాక్షి లోపలికి వెళ్తూ సంచి పట్టుకోమని ఇచ్చింది. సంచిలోంచి ఆసుపత్రి కార్డు జారి కిందపడింది. తీసి పెట్టబోతే పైన పెద్ద అక్షరాల్లో ఇరవై మూడు అని ఉంది.

జాబితా విద్యావతికి కంఠతా వచ్చు. ఇరవై మూడు, పట్టు లేని పొర.

ఆ రోజు నుంచి ఆమెకు కామాక్షి ముఖం చూడటం కష్టమైంది, చూడకుండా ఉండటం ఇంకా కష్టమైంది. పుండు తగ్గడం లేదు. ఎనిమిదో వారానికి కూడా మొదట ఉన్నంతే ఉంది. కామాక్షి ఇంటికి భోజనానికి పిలిచింది. వంకాయ కూర, గోంగూర పచ్చడి. అన్నం తిన్నాక చేత్తో కుట్టిన జాకెట్టు ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"కొలతలు ఎప్పుడు తీసిన్రు?" అంది విద్యావతి.

"కళ్ళతో తీశాను. ముప్ఫై ఏళ్ళ కళ్ళు." తర్వాత కాస్త ఆగి, "నాకెందుకో ఈ పట్టు పడలేదమ్మా. ఒంట్లోనే ఏదో లోపం. పట్టు ఏం చేస్తుంది పాపం," అంది.

విద్యావతి జాకెట్టు మడతలు సరిచేస్తూ కూర్చుంది.

ఆ సోమవారం మధ్యాహ్నం ప్యాకెట్లు కడుతూ ఇరవై మూడో నంబరు కవరులో పట్టు పొర పెట్టింది. పెట్టి అంటించేసింది. రెండు పొరలూ ఒకేలా ఉంటాయి కదా, దేవుడికి కూడా తెలియదు. పని అయిపోయాక గూళ్ళు కోసింది, బల్ల తుడిచింది, ఇంటికి వెళ్ళింది.

మంగళవారం పొద్దున డబ్బాతో నాంపల్లిలో నడుస్తోంది. ఆసుపత్రి గేటు కనిపిస్తోంది. ఆమెను ఆపింది భయం కాదు. ఇంకో ఆలోచన. కామాక్షి కాలు మానిందనుకుందాం. ఇరవై మూడో నంబరు మానిందని పుస్తకంలో రాస్తారు. పట్టు లేని పొరతో మానిందని రాస్తారు. తొమ్మిదేళ్ళుగా తను ఉడికించి, కడిగి, నీళ్ళు మార్చినదానికి విరుద్ధంగా తన చేత్తోనే సాక్ష్యం పెట్టినట్టవుతుంది. పోనీ మానలేదనుకుందాం. అసలు పట్టు మాన్పుతుందో లేదో ఎవరికి తెలుసు? తెలియదు కాబట్టే కదా ఈ నలభై మంది. తెలియని దాన్ని మందు అనుకుని, ఒక మనిషి మీది ఇష్టంతో దొంగతనంగా పంపిస్తోంది తను.

గేటు దాకా వెళ్ళకుండా ఆటో ఎక్కి బషీర్‌బాగ్ వచ్చేసింది. మృదుల గదిలోకి వెళ్ళి డబ్బా బల్ల మీద పెట్టింది.

"మేడం, ఒక ప్యాకెట్ మార్చిన. ఇయ్యలేదు. తిరిగి తెచ్చిన."

మృదుల కుర్చీ చూపించి కూర్చోమంది.

"ఇంతకుముందు ఎప్పుడైనా మార్చారా?"

"లేదు. ఇదే మొదలు. ఒక పేషెంట్‌తోని మాట్లాడుతున్న, రెండు నెలల సంది. ఆమె నంబర్ కండ్లబడ్డది."

"నంబర్ చెప్పకండి," అంది మృదుల చెయ్యి పైకెత్తి. "నాకు తెలిస్తే నా కళ్ళు కూడా పాడవుతాయి. పేరూ చెప్పకండి."

చెప్పుకోవడానికి వచ్చిన మాటలో సగం అలా గొంతులోనే ఉండిపోయింది.

మృదుల అరవలేదు. మార్చిన ప్యాకెట్‌ను విద్యావతి చేతే సరిచేయించి, ఆసుపత్రి వాళ్ళకు ఫోన్ చేసి ప్యాకెట్లు మధ్యాహ్నానికి వస్తాయని చెప్పింది. జరిగింది ఎథిక్స్ కమిటీకి ఉత్తరం రాసింది. ఉద్యోగానికి ఏమీ కాలేదు. ప్యాకెట్ల పని అక్షిత అనే కొత్త స్కాలరుకు ఇచ్చారు. ఒక షరతు మాత్రం పెట్టింది.

"ట్రయల్ అయ్యేదాకా ఆ పేషెంట్‌ను కలవొద్దు విద్యావతి గారు. మీరు చెప్పాలనుకోకపోయినా మీ ముఖం చెప్పేస్తుంది."

"ఎప్పటిదాకా మేడం?"

"డిసెంబర్ ఆఖరు."

నాలుగు నెలలు. ఆ సాయంత్రం కామాక్షి ఫోన్ చేసింది.

"ఇవాళ రాలేదేంటమ్మా? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగున్న అమ్మా. కాలేజీల పని ఎక్కువైంది. కొన్ని దినాలు రానికి కాదు."

"కొన్ని దినాలంటే?"

"తెల్వదమ్మా. చెప్త."

"సరేలే," అంది కామాక్షి. ఆ సరేలే ఎలా అందంటే, ఇలాంటి మాట ఇంతకుముందు ఎంతోమంది నోట విన్నట్టు.

తర్వాత నాలుగైదుసార్లు ఫోన్ వచ్చింది. విద్యావతి రెండుసార్లు ఎత్తింది. ఎత్తినప్పుడల్లా కాలు ఎలా ఉందని అడగలేక, అడగకుండా ఇంకేం మాట్లాడాలో తెలియక పెట్టేసేది. సెప్టెంబరులో వరసగా రెండు రోజులు మోగింది. ఎత్తితే మొత్తం చెప్పేస్తానని భయం వేసింది. మోగుతున్న ఫోన్‌ను బియ్యం డబ్బా మీద పెట్టి, అది ఆగేదాకా కిటికీ దగ్గర నిలబడింది. ఆ తర్వాత ఫోన్ రాలేదు.

మంగళవారాలు మళ్ళీ మామూలు రోజులైపోయాయి. ల్యాబులో అక్షిత ప్యాకెట్లు కట్టి తలుపు వేసుకుని వెళ్ళేది. విద్యావతి గూళ్ళు కోస్తూ ఉండేది. ఒక్కోసారి పండ్లు కొనే నెపంతో ఆబిడ్స్ వెళ్ళి, పోస్టాఫీసు ముందు జనంలో కాసేపు నిలబడి, సందులోకి తిరగకుండా వెనక్కి వచ్చేది. కొన్న పండ్లు ఒక్కతీ తినలేక కింద ఇంటివాళ్ళకు ఇచ్చేది. వాళ్ళు గిన్నె కడిగి మెట్ల మీద పెట్టేవాళ్ళు. దీపావళినాడు కూడా ల్యాబుకు వెళ్ళి నీళ్ళు మార్చింది.

జనవరిలో లెక్క తేలింది. పట్టు పొర వేసిన ఇరవై మందిలో పదకొండు మందికి గడువు లోపల పుండు మూసుకుంది. రెండో పొర వేసిన ఇరవై మందిలో ఏడుగురికి. "నలభై మందితో ఏమీ తేల్చలేం. కానీ ముందుకు వెళ్ళొచ్చు," అంది మృదుల. పుండు మానకుండా మిగిలినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళకు ఇప్పుడు పట్టు పొర వేస్తారు. ఎవరికి ఏది వచ్చిందో కూడా చెప్తారు.

"ఆ పేషెంట్‌కు నన్ను చెప్పమంటారా, మీరే చెప్తారా?" అని అడిగింది మృదుల.

"నేనే పోత మేడం."

నాంపల్లి మైదానంలో ఏటా పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్ నడుస్తున్న రోజులు. నాంపల్లి అంతా పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళతో, బుడగలు అమ్మేవాళ్ళతో కిక్కిరిసి ఉంది. ఆ జనానికి ఎదురు నడిచి విద్యావతి ఆబిడ్స్ చేరేసరికి సాయంత్రం అయిదైంది. కామాక్షి తలుపు తీసింది. మనిషి సన్నబడింది. లోపలికి రమ్మంది గానీ పేరు పెట్టి పిలవలేదు.

విద్యావతి నిలబడే మొత్తం చెప్పింది. తాను చేసే పని, జాబితా, కార్డు కిందపడటం, మార్చిన ప్యాకెట్, తిరిగి తీసుకెళ్ళడం. "మీకు వేసింది పట్టు కాదమ్మా. నాకు తెలిసి కూడా చెప్పలేదు. ఒకసారి చేతిల పట్టుకొని గేటు కనబడేదాకా వచ్చి కూడా ఇయ్యలేదు." అని ఆగింది. తిట్టినా పడదామనే వచ్చింది.

కామాక్షి తన కాలి వైపు చూసుకుంది.

"పట్టు కాకపోతే పోనీ. సంతకం పెట్టించుకున్నప్పుడే ఆ డాక్టరమ్మ చెప్పింది, ఏది వస్తుందో తెలియదని. పట్టే అనుకున్నది నేను. అది నీ తప్పు కాదు."

"మరి..."

"సెప్టెంబరులో కాలికి చీము పట్టింది. ఆ ప్రయోగంలోంచి తీసేసి, మంచం వేసి, పదకొండు రోజులు ఉంచారు. నాంపల్లిలోనే. నీ ఇంటికి పావుగంట నడక. ఎవరినైనా పిలవమన్నారు. నీకు రెండుసార్లు ఫోన్ చేశాను."

విద్యావతికి బియ్యం డబ్బా మీద మోగిన ఫోన్ కళ్ళముందు కనిపించింది.

"నాకు తెల్వదమ్మా."

"ఎత్తితే తెలిసేది." కామాక్షి గొంతు పెంచలేదు. "పక్క మంచం ఆవిడ కూతురు నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చేది. ఆ పిల్ల పేరు కూడా అడగలేదు నేను. నీకు చెప్పకూడని రహస్యం ఉంటే ఉండనీ. రహస్యం ఉంది, రాలేను అని ఒక్క ముక్క అంటే సరిపోయేది కదా. పని ఎక్కువైంది అన్నావు."

ఇన్ని నెలలూ విద్యావతి తాను ఇవ్వని పొర గురించే కుమిలింది. ఈవిడ ఎదురుచూసింది పొర కోసం కాదు. కామాక్షి, "చీకటి పడుతోంది, వెళ్ళు. జనం ఎక్కువగా ఉంటారు," అంది. టీ ఇవ్వలేదు.

పట్టు పొరకు మాత్రం ఒప్పుకుంది. ఫిబ్రవరి మొదటి మంగళవారం నుంచి వేశారు. ఇక దాచాల్సింది లేదు కాబట్టి విద్యావతే ఆ పొరలు తీసుకెళ్ళేది. విజయ కట్టు విప్పుతుంటే మొదటిసారి ఆ పుండు చూసింది. రూపాయి బిళ్ళంత, అంచులు తెల్లగా. తను పోసి ఆరబెట్టిన పొర తడి తగిలి మెత్తబడి, ఆ గుంటలోకి ఒదిగిపోయింది. తొమ్మిదేళ్ళ పనిలో చూడనిది అది. పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. కామాక్షి అది చూసింది.

పదో వారానికి పుండు మూసుకుంది. చీముకు చేసిన వైద్యం వల్ల మూసుకుందో, పట్టు వల్లో, కాలు కింద పెట్టకుండా ఉండటం వల్లో చెప్పలేమంది మృదుల. కామాక్షి నర్సుకు దండం పెట్టింది. విద్యావతితో, "శ్రమపడ్డావు," అంది. ఆటోలో ఒక్కతే వెళ్ళిపోయింది. వచ్చే మంగళవారం రావలసిన పని ఇద్దరికీ లేదు.

మే నెల సగంలో ఒక పొద్దున కామాక్షి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. లక్డీకాపూల్‌లో కళ్ళ డాక్టరుకు చూపించుకోవాలి, కంట్లో మందు వేస్తే రెండు గంటలు ఏమీ కనిపించదట, ఒక్కతీ తిరిగి రాలేనంది. విద్యావతి కాలేజీకి సెలవు పెట్టింది. డాక్టరు దగ్గర బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. కామాక్షి కళ్ళు మూసుకుని ఉంది. ఎండ గురించి ఒక మాట, ఆటోవాడి గురించి ఒక మాట, అంతే. పోయిన ఏడాది వానలో గంటన్నర ఆగకుండా మాట్లాడిన మనిషి ఈమేనా అనిపించింది.

ఇంటి దగ్గర దింపి, చెయ్యి పట్టుకుని మేడ మెట్లు ఎక్కించి, మంచినీళ్ళు ఇచ్చి విద్యావతి బయల్దేరబోయింది.

"వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు," అంది కామాక్షి కళ్ళు తెరవకుండానే.

"నేనొస్త అమ్మా."

"రాలేకపోతే ముందే చెప్పు. ఎందుకు రాలేవో కూడా చెప్పు."

"చెప్త."

విద్యావతి తలుపు దగ్గరికి వేసి, మెట్లు దిగి, ఎండలో నాంపల్లి వైపు నడిచింది.